పై ఫ్లాటులో ఫైటింగ్

ధబ్!

ఆన్‌లైన్ మీటింగులో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఆగిపోయారు.

"ఏంటమ్మా, మీ ఇంట్లో మర్డరా?" అన్నాడు మేనేజరు.

"మా ఇంట్లో కాదు సార్, పై ఫ్లాటులో," అని టెస్టర్ మైకు మ్యూట్ చేసింది.

ఇంటి నుంచే ఉద్యోగం. మగానుభావులు రాసి పారేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె పని. ఎంత చిన్న తప్పయినా ఆమె కన్ను దాటిపోదని కంపెనీలో పేరు. అందుకే అపార్ట్‌మెంటులో కూడా అందరికీ ఆమె టెస్టరమ్మాయే.

మళ్లీ ధబ్. ధబ్. ఏదో ఫట్‌మని విరిగింది. ఆ వెంటనే ఆడగొంతు, "అమ్మా!"

పై ఫ్లాటులోకి ఆ మొగుడూ పెళ్లాలు దిగి నెల కూడా కాలేదు. అపార్ట్‌మెంటు గ్రూపులో అప్పటికే గుసగుసలు. "పెళ్లాన్ని బాదుతున్నాడేమో" అని ఒకావిడ పెట్టింది. "మనకెందుకులెండి" అని ఇంకొకాయన పెట్టాడు. ఆ రెండో మెసేజీకి మాత్రం లైకులే లైకులు.

టెస్టర్‌కి ఒళ్లు మండింది. లాప్‌టాప్ మూసేసి, చరచరా మెట్లెక్కి, పోలీసుల నంబరు ఫోన్లో సిద్ధంగా పెట్టుకుని బెల్లు కొట్టింది.

తలుపు తీసినాయన చేతిలో తడి తువ్వాలు. మెడలో గిన్నెలంతేసి హెడ్‌ఫోన్లు.

"ఇక్కడ ఎవర్నో కొడుతున్నట్టు..."

"కొడుతున్నా చెల్లెమ్మా! పొద్దున్నుంచి రౌడీల్ని కొట్టీ కొట్టీ భుజం పీకేస్తోంది," అని పకపకా నవ్వాడు. "రా, చూద్దువుగాని."

ఆయన సినిమాలకి చప్పుళ్లు చేసే మనిషట. షూటింగులో గుద్దులు ఉత్తుత్తివే కదా, చప్పుడు తర్వాత కలపాలి. ఇప్పుడు చేతిలో ఉన్నది పేద్ద హిందీ యాక్షన్ థ్రిల్లర్. గది మధ్యలో మైకు. దాని ముందు ఓ తోలు సంచి, రకరకాల బూట్లు, కిర్రుమనే ఓ పాత తలుపు చెక్క, బుట్టెడు క్యాబేజీలు.

సంచి మీద తడి తువ్వాలుతో ఒక్కటిచ్చాడు. ధబ్! "ఇది దవడ మీద గుద్దు." ఓ క్యాబేజీని రెండు చేతులా పట్టి విరిచాడు. ఫట్! "ఇది మెడ."

వంటగది గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య ఉలిక్కిపడింది.

"చూడు మా ఆవిడని! పెళ్లయి ఇన్నేళ్లయినా ఇంకా అలవాటు కాలేదు."

టెస్టర్ వదల్లేదు. "మరి ఆ అరుపులు?"

"మా ఆవిడవే. ఇంట్లోనే ఇంత గొంతు పెట్టుకుని బయట ఆర్టిస్టులెందుకు?"

"హిందీ సినిమాకి తెలుగులో 'అమ్మా' అని అరుస్తారా?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత శభాష్ అన్నట్టు చూశాడు.

"పట్టేశావ్ చెల్లెమ్మా! ఊరికే అరవమంటే 'అమ్మా' అంటుంది. ఎంత చెప్పినా అంతే. అందుకేగా మళ్లీ మళ్లీ చేయించాల్సొస్తోంది!"

టెస్టర్‌కి సిగ్గుతో తల తీసేసినట్టయింది. బంగారంలాంటి కళాకారుణ్ని పట్టుకుని ఎంత మాట అనుకుంది! ప్రాయశ్చిత్తంగా తనూ తువ్వాలు అందుకుని సంచిని నాలుగు బాదింది. వీడియో కూడా తీసుకుంది.

వెళ్లేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "మళ్లీ వినిపిస్తే మళ్లీ రామ్మా."

"అయ్యో, మీ పనికి నేనెందుకు అడ్డం వదినా! మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కుంటాలెండి."

కొనుక్కుంది కూడా.

వీడియో గ్రూపులో పడింది. అంతే, అపార్ట్‌మెంటు అపార్ట్‌మెంటంతా పై ఫ్లాటుకి కదిలింది. "బాదుతున్నాడేమో" అన్నావిడే అందరికంటే ముందెళ్లి క్యాబేజీ విరుస్తూ సెల్ఫీ దిగింది. ఆ రోజు నుంచి పైన ధబ్‌మంటే కింద పిల్లలు "రౌడీ అవుట్!" అని గెంతేవాళ్లు. అరుపు వినిపిస్తే అసోసియేషన్ సెక్రటరీ బాబాయి కుర్చీలోంచి లేవకుండానే "ఈ టేకు ఓకే!" అనేవాడు.

సినిమా రానే వచ్చింది. సెక్రటరీ బాబాయి అందరికీ టిక్కెట్లు తీశాడు. సౌండాయన మాత్రం రానన్నాడు.

"కొత్త సినిమా ఒప్పుకున్నా బాబాయిగారూ. మా ఆవిడా ఉండాలి, అరుపులున్నాయి. మీరంతా వెళ్లండి. బిల్డింగు ఖాళీగా ఉంటే రికార్డింగ్ ఇంకా బాగా వస్తుంది."

"పనంటే అదీ!" అని మెచ్చుకుంటూ అందరూ ఆటోలెక్కారు.

హాల్లో రెండు వరుసలు వాళ్లవే. హిందీ సగమే అర్థమైంది. మిగతా సగంలో అర్థం కావడానికేమీ లేదు. హీరో నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే ఓ హెలికాప్టర్ పేలింది, తీస్తే ఇంకోటి పేలింది. విలన్ చచ్చిపోతూ కూడా ఉపన్యాసం ఆపలేదు. హీరో వరండాలో టకటకా నడిచొస్తుంటే "మన బూట్లే!" అని సెక్రటరీ బాబాయి ఈల వేశాడు. తలుపు కిర్రుమంటే చప్పట్లు. చివర్లో పేర్లు పడుతుంటే, చీమ తలకాయంత అక్షరాల్లో, సౌండాయన పేరు నిజంగానే వచ్చింది. రెండు వరుసలూ లేచి నిలబడ్డాయి.

"అవును గానీ అమ్మాయ్, మన క్యాబేజీ ఎక్కడొచ్చింది?" సెక్రటరీ బాబాయి ఆవలిస్తూ అడిగాడు. "మధ్యలో కాస్త కునుకు పట్టిందిలే."

 టెస్టర్‌కి కునుకు పట్టలేదు. తను బాదిన ఆ ధబ్ ఎక్కడొస్తుందా అని మొదటి నుంచీ చెవులు రిక్కించుకునే కూర్చుంది.

టైటిల్స్ దగ్గర్నుంచి శుభం కార్డు దాకా ఆ సినిమాలో అందరూ తుపాకులతో కాల్చుకున్నారే తప్ప, ఒక్కరంటే ఒక్కరు కూడా ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.