మంత్రిగారి గావా

“ఇంకోపారి చెప్పు తమ్మీ,” అన్నాడు లింబాద్రి.

“సాబ్, జవాజ్ మాఫీ.”

“గట్టిగ గాదు. గావా పోసేటప్పుడు వంగుతవు గద, అప్పుడు చెవిల అనాలె. పాస్‌పోర్ట్ లేదని ఆయనకు ఎర్కైతే సాలు. మిగిలింది ఆయనే సూసుకుంటడు.”

సోమరాజు తల ఊపి, పొయ్యి మీద గావా కోసం మరుగుతున్న కాఫీ డికాక్షన్‌లో ఇంకాస్త ఏలకుల పొడి వేశాడు. అరబ్బు దేశంలోని ఆ జల్లాఖ్ ఊళ్ళో, వీసా ఇచ్చి అతన్ని పనికి తెచ్చుకున్న కఫీల్ ఇల్లు ఆ సాయంత్రం పెళ్ళివారి విడిదిలా ఉంది. పొద్దుట తివాచీలు దులిపారు. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో ధూపం వేశారు. ఇంటికి మంత్రి వస్తున్నాడు మరి. అదీ ఎవరూ పిలవకుండా, తనే వస్తానని కబురు పెట్టాడు. కఫీల్ కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

సోమరాజు సంబరం అంతకు రెండింతలు. ఆ మంత్రి మొన్న మొన్నటి దాకా వకీలు సాబు. నయీమ్ పేటలో ఒక టైలరు కొట్టు మీద ఇరుకు గదిలో ఆఫీసు. జీతాలు ఎగ్గొట్టినవాళ్ళ మీదా, పాస్‌పోర్టులు దాచుకున్నవాళ్ళ మీదా పైసా ఫీజు లేకుండా కోర్టుకెక్కేవాడు. డబ్బున్నవాళ్ళు ఆయన్ని చూసి పళ్ళు నూరేవారు. కూలివాళ్ళు ఆయన పేరు చెప్పుకుని నిద్రపోయేవారు.

సోమరాజు గోడు కూడా ఆయన విన్నాడు. కాంట్రాక్టు ముగిసి ఏడాది దాటినా కఫీల్ పాస్‌పోర్ట్ ఇవ్వడు. అడిగితే “బుక్రా” అంటాడు, రేపు అని. ఆ రేపు ఇంతవరకూ తెల్లారలేదు. వకీలు సాబు ఇక కేసు వేస్తాడనగా మంత్రి పదవి వచ్చిపడింది. మంత్రి అయ్యాక కోర్టులో వాదించడం కుదరదని గుమాస్తా కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు. ఆ వేళ నయీమ్‌లో మనవాళ్ళు సగం మంది మిఠాయి పంచారు, సగం మంది పెదవి విరిచారు.

“ఏరు దాటినంక తెప్ప తగలవెట్టే రకం గాదు గద?” అన్నాడు లింబాద్రి. అతను ఆ ఇంటి డ్రైవరు, నిజామాబాదు మనిషి.

“అలాంటోరు కాదన్నా. నేనేడుస్తుంటే గావా కప్పు చేతికిచ్చి, ముందు తాగు, నీ పనవుద్ది అన్నారు. అంత మంచోరు మర్చిపోతారేంటి?”

మర్చిపోకూడదు. అమలాపురంలో సోమరాజు కూతురు శ్రీదుర్గ, అతను విమానం ఎక్కాక పుట్టింది. అతను మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపుతాడు. అవి వినీ వినీ ఆ పిల్ల టేప్‌రికార్డర్‌నే “నాన్నా” అని కౌగిలించుకుంటోందని భార్య ఈమధ్యే చెప్పి పంపింది. సోమరాజు మొదట నవ్వాడు. తర్వాత ఆ పూట అన్నం సయించలేదు.

లింబాద్రి గావా రుచి చూసి చప్పరించాడు. “మస్తుంది. పోయినేడు కొడుక్కు పిల్లనడగ పోయిన కాడ కఫీల్ గావా ముట్టనే లే. కప్పు ముంగట వెట్టుకొని కూసున్నడు. పిల్లనిస్తమన్నంకనే తాగిండు.”

“వాళ్ళ గావా బాగుండుండదు,” అన్నాడు సోమరాజు ధీమాగా. “మనది కుంకుమపువ్వేసిన గావా. చూస్తుండు, మూడు కప్పులు తాగుతారు.”

బయట కారు ఆగింది. “యల్లా, యల్లా” అని కఫీల్ తొందరపెట్టే కేక వినిపించింది.

మజ్లిస్‌లో అదే మనిషి, అవే కళ్ళద్దాలు. తెల్ల అంగీ మీద జరీ అంచు నల్ల శాలువా ఒక్కటే కొత్త. సోమరాజు ఎడమ చేత్తో కూజా పట్టుకుని, కుడి చేత్తో కప్పు అందిస్తూ వంగాడు. పెదవి కదపబోయాడు. పక్కనే కూర్చున్న కఫీల్ కళ్ళు తన మీదే ఉన్నాయి.

పెదవి మూసుకున్నాడు. మంత్రి అతని ముఖం వంక కూడా చూడకుండా కప్పు అందుకుని, తాగకుండానే ముందున్న బల్ల మీద పెట్టేశాడు.

కఫీల్ ముఖం పాలిపోయింది. కప్పును చూసి, సోమరాజును చూసి, బయటికి పొమ్మని చెయ్యి విసిరాడు.

“అయిపోయిందన్నా,” అన్నాడు సోమరాజు, కారు దగ్గర కూలబడి. “ముట్టుకోలేదు.”

“ఏలకులు ఎక్కువైనయేమో. చెవిల మాటన్నవా?”

“ఎక్కడ! నన్నెప్పుడూ చూడనట్టే ఉన్నాడు. కుర్చీ ఎక్కితే అంతేనన్నా, ఎవడైనా అంతే.” కోపానికి దుఃఖం తోడై అతనికి ముక్కు ఎగబీల్చక తప్పలేదు.

కాసేపటికి మంత్రి బయటికి వచ్చాడు. వాళ్ళ పక్కనుంచే నడిచి, తల తిప్పకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. లింబాద్రి మట్టిలో ఉమ్మేశాడు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. సోమరాజు వెళ్ళాడు. మజ్లిస్‌లో కఫీల్ ఒక్కడే ఉన్నాడు.

“ఆయన నీకెలా తెలుసు?” అన్నాడు వచ్చీరాని హిందీలో.

“తెలీదు బాబా. గావాలో తప్పు జరిగింది, క్షమించండి.”

కఫీల్ బల్ల వైపు చూపించాడు. మంత్రి ముందు పెట్టిన కప్పు ఖాళీగా ఉంది. కఫీల్ జేబులోంచి నీలం అట్ట పుస్తకం ఒకటి తీసి సోమరాజు అరచేతిలో పెట్టాడు.

“ఇది ఇస్తానన్నాకే తాగాడు.”