పసుపు దారం కొలత

"ఈ కొలత తప్పు బాబూ. ఇది పెళ్లికూతురి వేలు కాదు, పలక పట్టుకుని బడికెళ్లే పిల్ల వేలు" అన్నాడు కంసాలి వరహాలాచారి.

పసుపు రాసిన నూలుదారాన్ని ఉంగరమంత ముడి వేసి పంపించారు ఆడపెళ్లివారు. ఉంగరాల కొలత చూసే ఇనుపకడ్డీకి తొడిగితే అది కడ్డీ సన్నటి కొస దగ్గరే ఆగిపోయింది. గుమ్మలక్ష్మీపురం సంతరోజు. బయట వాన. వీధిలో గోనెసంచులు నెత్తిన కప్పుకుని జనం బేరాలాడుతూనే ఉన్నారు.

"ఆ గుంట సేతులు సిన్నవి కాబోలు ఆచారిగారూ" అన్నాడు ఎదురుగా కూర్చున్న అప్పలస్వామి. చింతపండు గోడౌనులో కాటా వేస్తాడతను. "తనే కొలిచి ముడేసిందట. ఆల మేనత్త తెచ్చిచ్చింది."

"ఆ చేతులు నువ్వు చూశావా?"

"పెళ్లిసూపుల్నాడు మొకం సూసేదే కట్టంగా ఉంటే, సేతులెక్కడ సూత్తానండీ!"

ఆచారికి నవ్వొచ్చింది. "సరేగానీ, దారం ఎక్కడ పెట్టుకొచ్చావు?"

అప్పలస్వామి తన టెర్లిన్ చొక్కా జేబు చూపించాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. జేబు చుట్టూ పసుపు మరక.

"అదీ సంగతి. నూలు తడిస్తే ముడుచుకుపోతుంది. దీని ప్రకారం చేస్తే ఉంగరం కణుపు దాటదు. నలుగురిలో నవ్వులపాలవుతావు. సరైన కొలతకి చెయ్యాలంటే ఇంకో నాలుగు గురివింద గింజల ఎత్తు బంగారం పడుతుంది."

"అంటే ఎంతండీ?"

"ముప్ఫై రూపాయల పైమాటే."

అప్పలస్వామి పీట మీద పెట్టిన నూట ఇరవై రూపాయల వైపు చూశాడు. అతని దగ్గర ఇంకేమీ లేదని ఆ చూపే చెప్పింది.

"రాగి కూసింత ఎక్కువ కలిపేయండి."

"పిల్ల మేనమామ సింహాచలం ఏమన్నాడో నువ్వే కదయ్యా చెప్పావు? ఉంగరం గీటురాయి మీద గీసి చూశాకే తాంబూలాలు పుచ్చుకుంటానన్నాడని. గీత రంగు తగ్గితే లేచిపోతాడు. సంబంధం అక్కడితో సరి."

"పోనీ సన్నంగా లాగండి."

"ఇంతకన్నా సన్నం చేస్తే ఉంగరం అనరు, తీగ అంటారు. అంట్లు తోమితే విరిగిపోతుంది."

అప్పలస్వామి పెట్టెలోంచి వేలాడుతున్న చిన్న త్రాసునే చూస్తూ కూర్చున్నాడు.

"మా గోడౌనులో బస్తాకి కేజీ తేడా వత్తే అడిగీవోడు లేడు. మీకాడ గింజ కూడా ఒగ్గరు గదండీ."

"మిగతాది పంటల తర్వాత ఇద్దువుగాని. నేను రాసుకోనులే" అన్నాడు ఆచారి, మెల్లగా.

"ఒద్దండి. అప్పు సేసిన ఉంగరం తొడిగి ఆ గుంట మొకం ఎలా సూడమన్నారు? ఆదివారం తాంబూలాలు, పెధానం. ఈలోగా ఏదో ఒకటి..." అతను డబ్బు తీసుకుని జేబులో పెట్టుకోబోయాడు.

లోపలినుంచి ఆచారి భార్య రమణమ్మ తలుపు దగ్గరికొచ్చింది. "ఆ పిల్లెవరు? కురుపాం రత్నాలు కూతురు చిన్నమ్మేనా? తల్లీ కూతుళ్లు సంతలోనే ఉన్నారు. ఇందాక అల్లం బేరమాడుతుంటే చూశాను. కొలత మళ్లీ తీసుకుంటే పోలేదా?"

"నాను వెళ్లకూడదు గదమ్మా" అన్నాడు అప్పలస్వామి కంగారుగా. "పెధానం అవకుండా మాటాడితే సింహాచలం మావ కాళ్లిరగ్గొడతాడు."

"నిన్నెవరు రమ్మన్నారు? నీ కాళ్లు నీ దగ్గరే ఉంచుకో" అని రమణమ్మ పొడిదారం ఒకటి తాంబూలం సంచిలో వేసుకుని, గొడుగు విప్పి వానలోకి నడిచింది.

ఆమె వచ్చేదాకా అప్పలస్వామి కొలిమిలో బొగ్గుల్ని చూస్తూనే ఉన్నాడు.

రమణమ్మ తిరిగొచ్చి, సంచిలోంచి దారం తీసి భర్త చేతిలో పెట్టింది. మడత కూడా తడవలేదు. ఆచారి దాన్ని కడ్డీకి తొడిగాడు. పాత దారం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగింది.

ఆచారి భార్య వైపు చూశాడు. ఆమె పని కానివ్వమన్నట్టు కళ్లతోనే చెప్పింది.

"అయితే పొరపాటు నాదే బాబూ. నీ దారం కుంచించుకుపోలేదు. నూట ఇరవైకే చక్కగా వస్తుంది, మేలిమిలో."

అప్పలస్వామి ముఖం విప్పారింది. "నాను ముందే అన్నాను గదండీ, సేతులు సిన్నవని! శనివారం వత్తాను, బేగి సేసి ఉంచండి" అంటూ డబ్బు మళ్లీ పీట మీద పెట్టాడు. వాన తగ్గేదాకా ఉండమన్నా ఆగలేదు.

ఆచారి రెండు దారాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా ఎన్ని వేళ్లకి ఉంగరాలు చేశాడో ఆయనకే తెలియదు.

"నిజంగా అంత సన్నటి వేలా?" అని అడిగాడు.

రమణమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ వీధిలోకి చూసింది. అప్పలస్వామి సందు మలుపు తిరిగాకే నోరు విప్పింది.

"సన్నమెక్కడిది? పొలం పని చేసే చెయ్యి. నా వేలికన్నా లావే. ఉంగరం వేలు చాపవే అంటే చిటికెనవేలు చాపింది. ఇదేటే అన్నాను. 'పెధానం నాడు సెయ్యి సాపేది నానే గదమ్మా. గోడౌను జీతానికి ఈ ఏలే సరిపోద్ది. ఆయనకి మాత్రం సెప్పకండి' అంది."