తేడా ఏముంది?

"బ్రహ్మాండంగా ఉంది. పంపించేయండి," అన్నాడు గార్త్, తెర ముందు నిలబడి కాఫీ చప్పరిస్తూ.

లోసేలి తెర వైపు చూసింది. ఆకుపచ్చ వరసల మధ్య ఎర్రవి దద్దుర్లలా తేలి ఉన్నాయి.

ఆక్లాండ్ రేవులో ఫెర్రీలు నడిపే కంపెనీ అది. టికెట్ ధరలు మార్చడం, గేట్లకు పడవల వేళలు అందించడం లాంటి చాకిరీ అంతా షెల్ స్క్రిప్టులనే చిన్న చిన్న ప్రోగ్రాములే చేస్తాయి. వాటిలో ఏం మార్చినా ముందు కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెర మీద, టెస్టులు నడపాలి. దానికో పాత టూల్ ఉంది. పాసైన టెస్టు పేరు ఆకుపచ్చలో, ఫెయిలైనదాని పేరు ఎరుపులో చూపిస్తుంది. అంతకుమించి నోరు విప్పదు. దాని బాగోగులు లోసేలివి. ఏది వాడకంలోకి పంపాలో, ఏది ఆపాలో తేల్చేది మేనేజరు గార్త్.

"గార్త్, టికెట్ల టెస్టులు పోయాయి. ఒకసారి చూడండి."

"చూస్తూనే ఉన్నాగా. తేడా ఏముంది ఇందులో? నువ్వు కంగారుపడి నలుగుర్నీ కంగారు పెడతావు."

పంపించేశారు. ఆ వారమంతా ముసలివాళ్ల ఉచిత టికెట్లకు పూర్తి ధర పడింది. గార్త్ అందరికీ క్లాసు పీకాడు, శ్రద్ధ లేదని.

లోసేలి కూర్చుని టూల్‌ని బాగుచేసింది. ఇప్పుడది ప్రతి పేరు పక్కనా పాసో ఫెయిలో మాటల్లో రాస్తుంది. ఒక్కటి ఫెయిలైనా స్క్రిప్టును బయటికి కదలనివ్వదు. సంబరంగా తీసుకెళ్లి చూపించింది.

"పక్కన ఈ మాటలెందుకు? కూర్చుని చదువుకోడానికి ఇదేమన్నా వారపత్రికా?"

"తొందరలో రంగు గమనించకపోవచ్చని..."

"రంగు చూసి చెప్పలేనివాడికి ఈ ఆఫీసులో పనేంటమ్మా? తీసెయ్."

ఆఫీసంతా నవ్వింది. మేనేజరు నవ్వించాక నవ్వకపోతే బాగుండదు. లోసేలి టూల్‌ని మళ్లీ పాతదానిలాగే మార్చేసింది.

"అతనికి కనబడక కాదు, లోసే," అన్నాడు పక్క సీటు మొసేసె, మాంసం కూరిన 'పై' రొట్టె కొరుకుతూ. "చూసీ చూడనట్టు పోతాడు. అలాంటివాళ్లే పైకెళ్తారు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తావు, ఇక్కడే ఉంటావు."

రగ్బీ ఫైనల్‌కి ముందు గేట్ల స్క్రిప్టు మార్చాల్సి వచ్చింది. టెస్టులు నడిపారు. సగం ఎర్రగా వచ్చాయి. లోసేలి వద్దని బతిమాలింది. గార్త్ తెరను పైనుంచి కిందిదాకా తాపీగా చూసి, పంపించమన్నాడు.

మ్యాచ్ రోజు రేవులో ఒక్క గేటూ తెరుచుకోలేదు. జనం గేట్లు దూకారు. తోపులాటలో ఒకావిడ నీళ్లలో పడి కాలు విరగ్గొట్టుకుంది. టీవీ వాళ్లు వచ్చారు.

డైరెక్టర్లు గార్త్‌ని పిలిచారు.

"నా కళ్లతో చూశాను. ఒక్కటీ ఫెయిలవలేదు," అన్నాడతను, రెప్ప వేయకుండా. "టూలే తప్పు చూపించి ఉండాలి. అది ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు."

టూల్ తెరిచి చూసే ఓపిక డైరెక్టర్లకు లేదు. గార్త్ గొంతులోని ధీమా వాళ్లకు చాలింది. లోసేలి ఉద్యోగం పోయింది.

పెట్టె సర్దుకుంటూ అడిగింది. "ఇంత పచ్చి అబద్ధం ఎలా ఆడగలిగారు?"

"అబద్ధమా? కనబడింది చెప్పాను," అన్నాడు గార్త్. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. అంత బాగా నటించడం చూసి మొసేసెకి కూడా ముచ్చటేసింది.

కష్టకాలంలో చెక్కుచెదరని మనిషని మెచ్చుకుని, డైరెక్టర్లు పడవలు నడిపించే విభాగమే గార్త్ చేతికిచ్చారు. ఆ సీట్లో కూర్చునేవాళ్లకు కెప్టెన్లకు చేసే వైద్యపరీక్షే చేయాలని రూలు. గార్త్ ఈల వేసుకుంటూ వెళ్లాడు. గుండె బాగుంది, బీపీ బాగుంది.

చివర్లో కళ్లు చూసిన డాక్టరమ్మ చేతిలోని రంగు చుక్కల పుస్తకం మూసేసి, నెమ్మదిగా అడిగింది: "గార్త్, మీకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదా?"