సంతకం పెట్టేదెవరు?

"ఈ రికార్డింగులు చెల్లవు!"

డిఫెన్స్ లాయరు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. కోర్టు హాలంతా ఉలిక్కిపడింది. ప్రాసిక్యూటరు మాత్రం పెన్ను కింద పెట్టి, ఆ దెబ్బ ఎక్కడ తగలబోతోందో చూస్తూ కూర్చుంది.

"ముక్కూ మొహం తెలియనివాడెవడో వీటిని ఈమెయిల్లో పంపాడు. ఏ కంప్యూటర్లోంచి తీశాడు? మధ్యలో ఎంత కత్తిరించాడు, ఎంత అతికించాడు? కాపీ చేసినవాడు సంతకం పెట్టి ధ్రువపత్రం ఇవ్వాలంటోంది చట్టం. అమ్మాయిగారు కొత్త కదా, ఆ పేజీ దాకా ఇంకా వచ్చినట్టు లేరు!"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బోనులో ఉన్న అయిదుగురి భుజాలూ ఒక్కసారిగా తేలికపడ్డాయి.

పోలీసు వేషం కట్టి వీడియో కాల్ చేయడం, 'మీరు అరెస్టయ్యారు, గదిలోంచి కదిలారో చూసుకోండి' అని ముసలివాళ్ళను హడలగొట్టడం, ఉన్నదంతా ఊడ్చుకుపోవడం వాళ్ళ పని. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ జాలిపడ్డట్టు నటించాలో నేర్పేవాడు మొదటి ముద్దాయి. ముఠాలో అతన్ని 'డైరెక్టరు' అంటారు. పొద్దున ప్రాసిక్యూటరు వేలు చూపించి, "వీడికి ఎంత పెద్ద శిక్ష వేసినా తక్కువే" అన్నది అతన్నే.

పోలీసులు ముఠా గది తలుపు బద్దలు కొట్టేలోగా కంప్యూటర్లన్నీ ఖాళీ అయిపోయాయి. బాధితులకు గుర్తున్నవి యూనిఫాం, మీసం. రెండూ అద్దెవే. ఇక మిగిలింది ఆ కాల్స్ రికార్డింగులే.

జడ్జి కళ్ళజోడు తీశాడు. "ఆయన చెప్పింది నిజమేనమ్మా. భోజనాల తర్వాత ఆ మనిషి సంతకం తెండి. తేలేకపోతే వీటిని పక్కన పెట్టక తప్పదు."

వరండాలో ఇన్‌స్పెక్టరు ఆమె వెంటపడ్డాడు.

"మీరు ఊఁ అనండి మేడమ్! ఆ మెయిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో మావాళ్ళు లాగేస్తారు. ఆ పెద్దమనిషిని కాలరు పట్టుకుని తెచ్చి మీ ముందు నిలబెడతాను."

"వద్దండీ."

"ఎందుకొద్దు?"

"'నువ్వెవరో వెతకను' అని ఆయన మొదటి మెయిల్‌కే మాటిచ్చాను. అసలు ఇలాంటి ముఠా ఒకటుందని మనకు తెలిసిందే ఆయన వల్ల. ఇప్పుడు బయటికి లాగితే వీళ్ళ తాలూకు మనుషులు బతకనిస్తారా?"

"ఆయన సంగతి సరే, మీ సంగతి? తాత్కాలిక పోస్టు. వచ్చిన మొదటి పెద్ద కేసే ఎగిరిపోతే మళ్ళీ హెల్మెట్ కేసులే గతి!"

"హెల్మెట్ పెట్టుకునే వెళ్తాలెండి."

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. ఇంతలో ఆమె ఫోను మోగింది. అమ్మ.

"ఏమే, గెలిచావా?"

"ఇంకా ఓడిపోలేదమ్మా."

"ఆ పుణ్యాత్ముడెవరో గానీ, నా తరఫున కూడా ఓ దండం పెట్టుకో. తిన్నావా?"

"ఆఁ, తిన్నాను," అంది, మూత తియ్యని డబ్బా వైపు చూస్తూ.

దండం కొత్తేమీ కాదు. ఆ కేసు ఫైలు తెరిచిన ప్రతిసారీ ముందు అదే చేసేది. పేరు తెలియని మనిషికి దండం పెడుతుంటే మొదట్లో తనకే నవ్వొచ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది.

కోర్టు మళ్ళీ మొదలైంది.

"సంతకం తెచ్చారా?" అడిగాడు జడ్జి.

"లేదు సార్." ఆమె గొంతు సవరించుకుంది. "ఆయనెవరో నాకు తెలియదు. కనుక్కోవాలంటే కనుక్కోగలం. కనుక్కోను. ఈ ఊళ్ళో ఎంతోమంది పెద్దవాళ్ళు ఇప్పుడు భయం లేకుండా ఫోను ఎత్తుతున్నారంటే ఆయన చలవే. అలాంటి మనిషిని ప్రమాదంలోకి తోసి నేను గెలవలేను. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి సార్. నేను చెప్పుకోగలిగింది అంతే."

"దీవెనలు సాక్ష్యం కావు, అమ్మాయిగారూ!" డిఫెన్స్ లాయరు పకపకా నవ్వాడు.

జడ్జి నిట్టూర్చి పెన్ను అందుకున్నాడు.

"ఒక్క నిమిషం సార్."

గొంతు బోనులోంచి వచ్చింది. డైరెక్టరు కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ ధ్రువపత్రం ఇటు ఇప్పించండి. కాపీ చేసింది నేను. పంపింది నేను. సంతకం నేను పెడతాను."

పక్కనున్న నలుగురూ పామును చూసినట్టు దూరం జరిగారు. డిఫెన్స్ లాయరు బోను దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికాడు. "నోరు ముయ్యవయ్యా! గెలిచేశాం కదయ్యా!"

"తెలిసే అంటున్నావా?" జడ్జి గొంతు గట్టిపడింది. "నిన్నెవరూ బలవంతపెట్టడం లేదు. ఆ సంతకం పెడితే ముందు జైలుకెళ్ళేది నువ్వే."

"తెలుసు సార్. ఇన్నాళ్ళూ ఆ భయంతోనే దాక్కున్నాను." అతను ప్రాసిక్యూటరు వైపు తిరిగాడు. "నన్ను వెతకనందుకు థాంక్స్ మేడమ్. నా గురించి అలా మాట్లాడినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు."

పొద్దున అతని మీదికి వేలు చాపిన ఆమె చెయ్యి, తనకు తెలియకుండానే రెండో చేతితో కలిసింది.

జడ్జి పెన్ను కింద పెట్టాడు. "అంతా నడిపిస్తున్నది నువ్వే కదయ్యా. నీ ముఠాను నువ్వే ఎందుకు పట్టించావు?"

డైరెక్టరు మొదటిసారి తల దించుకున్నాడు.

"నేను నేర్పిన మాటలే పట్టుకుని, మావాళ్ళు ఒకరోజు మా అమ్మకే ఫోన్ చేశారు సార్."