రెండొందల పన్నెండో నంబరు

"ఇవాళా లేదా?" అంటూ తప్పులాయన అభిప్రాయాల పుస్తకాన్ని ఠపీమని మూశాడు.

"లేదు సార్," అన్నాడు లైబ్రేరియన్, చిరిగిన అట్టకి జిగురు రాస్తూ.

"రెండు నెలలు! మనిషి ఉన్నాడా, ఊరొదిలి పోయాడా?"

తప్పులాయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ముప్ఫై ఏళ్ళుగా పక్కవాళ్ళ తప్పులే తిండి పెడుతున్నాయి గనక ఆ పేరు అతుక్కుపోయింది. పగలు ప్రెస్సు, సాయంత్రం లైబ్రరీ, మిగతా వేళంతా చేతిలో పుస్తకం. ఈ లైబ్రరీలో ఒక పద్ధతుంది. చదివినవాళ్ళు పుస్తకం గురించి బల్ల మీది పెద్ద నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాయాలి. పేర్లుంటే గొడవలవుతున్నాయని కార్డు నంబరే వెయ్యమన్నారు. ఆయనది 87. మూడేళ్ళుగా ఆయన ఏం రాసినా దాని కింద 212 వచ్చి కూర్చుంటోంది.

డిటెక్టివ్ నవలకి ఆయన రాశాడు: "హంతకుడెవరో నలభయ్యో పేజీకే తెలిసిపోయింది."

కింద 212: "నిజమే. చచ్చినవాడి కోసం నవల మొత్తంలో ఒక్కరూ ఏడవలేదు. అది చూశారా?"

కవితల పుస్తకానికి: "మంచి కాగితం దండగ."

212: "తెల్లగా వదిలేసిన చోట మాత్రం బాగుంది."

జీవితంలో పైకి రావడమెలా అన్న పుస్తకానికి ఆయన: "ప్రతి ఒక్కరూ చదవాలి."

212: "తెల్లారుజామున నాలుగింటికి లేవమన్నాడు. ఆయన్ని లేపేదెవరో రాయలేదు."

మొదట్లో ఒళ్ళు మండేది. పోను పోను ఆ కింది రెండు ముక్కలూ చూడందే ముద్ద దిగేది కాదు. 212 ఎవరో రిటైరైన జడ్జి అయి ఉంటాడని ఆయన లెక్క.

చివరిది ఒక రాజు చరిత్ర. "యుద్ధాల తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి," అని ఆయన మెచ్చుకున్నాడు. "రాజుగారి గుర్రానికి పేరుంది. ముగ్గురు రాణుల్లో ఒక్కరికీ లేదు," అని రాసింది 212. ఆ అక్షరాలు గీత తప్పి కిందికి జారిపోయాయి. చుక్కేసుకుని రాశాడనుకుని తప్పులాయన దాని కిందే గీకాడు: "212 గారికి చదవడం కన్నా వంకలు పెట్టడం ఇష్టం."

అంతే. ఆ తర్వాత 212 రాయలేదు.

"ఆయనెవరో చెప్పవయ్యా. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా."

"చెప్పకూడదు సార్. వారు నా దగ్గర మాట తీసుకున్నారు."

"పోనీ ఉత్తరం రాసిస్తా. చిరునామా నువ్వే రాసి పోస్టులో వెయ్యి."

లైబ్రేరియన్ జిగురు చేతులు తుడుచుకున్నాడు. "ఇంట్లో ఎవరూ చదవరా సార్, నాలుగు మాటలు చెప్పుకోడానికి?"

"మా ఇంట్లోనా!" తప్పులాయన పకపకా నవ్వాడు. "పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఒకసారి పుస్తకం పట్టుకుంది. నలుగురూ ఉండగా, 'తలకిందులుగా పట్టుకున్నావేమో చూసుకో' అన్నా. ఆ రోగం అక్కడితో కుదిరింది."

లైబ్రేరియన్ ఏదో అనబోయి, సొరుగులోంచి కవరు తీసిచ్చాడు.

తప్పులాయన అక్కడే నిలబడి రాశాడు. "212 గారికి, నా మాటకి నొచ్చుకున్నట్టున్నారు. మన్నించండి. తప్పులు పట్టడం నా వృత్తి. మీరు చూసేవి నాకు కనపడవు. ఇంట్లో మాట్లాడదామంటే గోడతో మాట్లాడినట్టే. నాకున్న ఒకే ఒక్క తోడు మీరు. మళ్ళీ రాయండి. ఇట్లు, 87."

రాసింది రెండుసార్లు చదివి, ఒక ఒత్తు సరిచేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి భార్య గోడ తడుముకుంటూ వచ్చి తలుపు తీసింది. వంటింట్లోంచి పాలు మాడిన వాసన. అది ఆ ఇంటికి కొత్త కాదు.

"మళ్ళీ మాడ్చావా! ఏ లోకంలో ఉంటావో నువ్వు."

"పక్కింటి వదినతో కంటాసుపత్రికి వెళ్ళొచ్చానండీ."

"ఏమన్నాడు?"

"నీటికాసులట. పోయిన చూపు రాదన్నాడు. మొదట్లోనే తీసుకొస్తే ఇంతదాకా వచ్చేది కాదట."

మొదట్లోనే ఆమె అడిగింది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి, పక్కనున్నవి కనపడట్లేదు, ఒక్కసారి తీసుకెళ్ళమంది. ప్రెస్సులో పాఠ్యపుస్తకాలు నెత్తిమీదున్నాయన్నాడు. "అయినా చూపుతో నీకేం పని? బియ్యంలో రాళ్ళేరడానికేగా," అని కూడా అన్నాడు.

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

"రాళ్ళు లేని బియ్యం తెస్తాలే," అన్నాడు.

ఆమె మాడిన గిన్నె దించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

మూడో రోజు ప్రెస్సుకి సెలవు. తప్పులాయన వరండాలో కుర్చీ వేసుకుని కొత్త నవల తిరగేస్తున్నాడు. చదువుతున్నాడే గానీ, కింద జవాబు రాసేవాడు లేడనుకుంటే పేజీ ముందుకు కదలడం లేదు.

వీధి గుమ్మం దగ్గర పోస్టుమాన్ గొంతు వినిపించింది. కాసేపటికి ఆమె తలుపు పట్టుకుని, స్తంభం పట్టుకుని, చివరికి ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఏదో ఉత్తరమండీ. నా పేరు మీదే వచ్చిందట."

"నీకా? నీకెవరు రాస్తారే!"

"అదే నాకూ తెలీడం లేదు. కాస్త చదివి పెట్టరూ?"

ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, తల కాస్త వంచి, చెవి ఇటు పెట్టింది. తప్పులాయన నవ్వుకుంటూ కవరు చేతిలోకి తీసుకున్నాడు. అంచున ఎండిపోయిన జిగురు వేలిముద్ర ఉంది. చించి, మడత విప్పాడు.

"చదవండీ," అంది ఆమె.

తన చేతిరాతే.