స్టిక్కరు కింద పగులు

ఆ రోజు జూలై పదమూడు, ఆదివారం రాత్రి. వేదవతికి తారీఖే కాదు, కంచాల్లో ఏముందో కూడా గుర్తు. మజ్జిగ పులుసు, పటోల్ కాయల వేపుడు. పట్టాభి రెండో ముద్ద కలుపుతుండగా కాలింగ్ బెల్ మోగింది. నొక్కినవాళ్ళు వేలు తీయకుండా నొక్కుతూనే ఉన్నారు.

తలుపు తీస్తే అప్పలసూరి. కలకత్తా గార్డెన్ రీచ్ డాకులో పని. వారం కిందట కూతురి కోసమని వీళ్ళ పాత కారు కొన్న మనిషి. పక్కనే ఆ కూతురు, రోజారాణి. ఇద్దరూ వానలో తడిసిపోయి ఉన్నారు.

"లోపలికి రండి, అప్పలసూరి గారూ," అంటూ పట్టాభి ఎంగిలి చేత్తోనే లేచాడు.

"రాను బాబూ. ముందు నాయం సెప్పండి." అప్పలసూరి గుమ్మం బయటే నిలబడ్డాడు. "అద్దం పగిలిన బండి అంటగడతారేటి? తెలుగోలని నమ్మి కదా మీ కాడికొచ్చినాం!"

"ఏ అద్దం?" అంది వేదవతి.

"ముందద్దం, ఆంటీ." రోజారాణి ఫోనులో ఫొటో తెరిచి ఆమె మొహానికి ఎదురుగా పెట్టింది. "మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్టిక్కర్ ఉంది చూడండి, దాన్ని ఇవాళ బ్లేడుతో గీకాను. కింద ఇదీ సంగతి."

జానెడు పొడవున తెల్లటి పగులు. ఫొటోలో కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎల్లుండి స్కూలువాళ్ళకి బండి చూపించాలి. పిల్లల్ని దింపే పని ఇస్తామన్నారు. ఈ అద్దంతో నన్ను గేటు దాటనిస్తారా? మొదటి పనే పోతుంది నాకు. ఇదేం పద్ధతి, కాకూ?" అని బెంగాలీ వరసతో బాబాయిని చేసి పట్టాభిని నిలదీసింది.

"దాచలేదమ్మా," అన్నాడు పట్టాభి నెమ్మదిగా. "కాగితంలో రాశాను కదా."

ఆ కాగితం వేదవతికి తెలుసు. ఈ భోజనాల బల్ల మీదే రాశాడు. బ్యాంకులో పొద్దస్తమానం ఇంగ్లీషులో రాసే మనిషి, కొనేది మనవాళ్ళే అనేసరికి ముచ్చటపడి అమ్మకం కాగితం తెలుగులో రాశాడు.

"ఎక్కడ రాశారు?" రోజారాణి గొంతు పెంచింది. "మా నాన్న ఆ రోజే మొత్తం చదివి చెప్పాడు. అందులో అద్దం ఊసే లేదు."

వేదవతి కూడా తగ్గలేదు. "మావారు రాశానంటే రాసినట్టే! అంత అనుమానమున్నదానివి నువ్వే చదువుకోవలసింది."

"నేను బెంగాలీ బళ్ళో చదివానాంటీ. నాకు తెలుగు అక్షరాలు రావు. మా నాన్నకి వచ్చు. అది చాలు."

ఎదురు ఫ్లాట్ ఆశిష్‌బాబు తలుపు తీసి తొంగిచూశాడు. ఏమైంది దాదా అని బెంగాలీలో అడిగాడు. పట్టాభి ఏమీ లేదని చెప్పేలోపే రోజారాణి ఆయన వైపు తిరిగి, పగిలిన అద్దం కథ మొత్తం బెంగాలీలో గడగడా వినిపించింది. ఆశిష్‌బాబు "ఛీ ఛీ" అన్నాడు. ఎవరిని అన్నాడో వేదవతికి అర్థమైంది.

"ఇంకేం, ఆయన ముందే తేలిపోనీ," అంది. "తియ్యండి ఆ కాగితం!"

"తియ్యి నాన్నా! అందరికీ వినబడేలా చదువు."

అప్పలసూరి చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, గొంతు సవరించుకున్నాడు. ఒక్కో పంక్తి కింద వేలు నడిపిస్తూ, ఎక్కడా తడబడకుండా పైకి చదివాడు.

"పట్టాభి అనే నేను అప్పలసూరికి నా కారు అమ్మినాను. బండి మంచిది. ఇంజిను మంచిది. టైర్లు మంచివి. ఏ వంకా నేదు. ఇట్లు, పట్టాభి."

"విన్నారా?" రోజారాణి చేతులు కట్టుకుని నిలబడింది.

పట్టాభి కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అతను అప్పలసూరి మొహంలోకి చూశాడు. అప్పలసూరి చూపు తిప్పుకోలేదు. గడ్డం ఇంకాస్త పైకెత్తాడు.

"అవునమ్మా," అన్నాడు పట్టాభి రోజారాణితో. "రాద్దామనుకుని మర్చిపోయాను. తప్పు నాదే. రేపు పొద్దున్నే మల్లిక్ బజారులో కొత్త అద్దం వేయిస్తాను. నువ్వూ దగ్గరుండి చూసుకో."

"మా నాన్న దగ్గరా మీ బ్యాంకు తెలివి!" రోజారాణి తండ్రి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. "పద నాన్నా."

"ఆ కాగితం ఇచ్చి వెళ్ళండి, అప్పలసూరి గారూ. సరిగ్గా రాసి ఇంకోటి ఇస్తాను."

అప్పలసూరి ఇచ్చాడు. "వత్తాను బాబూ," అని మాత్రం అన్నాడు. వచ్చినప్పటి గొంతు కాదది. ఇద్దరూ లిఫ్టు వైపు నడిచారు. ఆశిష్‌బాబు తల పంకిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

"నలుగురిలో తల కొట్టేసినట్టు చేశారు," అంది వేదవతి. "అంత చదువు చదివి ఒక్క ముక్క రాయడం చేతకాలేదా?" అతని చేతిలోంచి కాగితం లాక్కుంది.

మూడో పంక్తి. గుండ్రటి పెద్ద అక్షరాలు, కింద గీత కూడా గీసి ఉంది. "ముందు అద్దానికి, పార్కింగ్ స్టిక్కరు కింద, పగులు ఉంది. కొన్నవారే మార్పించుకోవాలి."

"రాశారుగా! ఇంత స్పష్టంగా రాశారుగా!" కాగితం పట్టుకుని ఆమె గుమ్మం వైపు పరుగెత్తింది. "ఏయ్ అమ్మాయ్..."

పట్టాభి ఆమె కంటే ముందే వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసి, రాత్రికి గడియ పెట్టేశాడు.

"మెల్లిగా, వేదా. ఆయనకి చదవడం రాదని ఆ పిల్లకి తెలియదు."