చెడని అక్షరాలు

ఉద్యమ వార్తలను ఎవరూ చదవకుండా సర్కారే ఇంటర్నెట్‌లో తెలుగు అక్షరాలను చెడగొడుతోందని కోరుట్ల అంతా నమ్మింది.

"ఇయ్యాల బంద్ గదా, మా పరీక్ష ఏ తారీకుకు వాయిదా ఏసిన్రో గీ వార్తలనే ఉన్నది. అన్నీ పిచ్చి గీతలే!" అంది నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న సౌమ్య.

"సర్కార్ పనే బిడ్డా," అన్నాడు సెంటర్ యజమాని బుర్హానుద్దీన్.

పక్క కుర్చీలోని జీషాన్ ఎగతాళిగా నవ్వాడు. ఆ కంప్యూటర్లలో వాడే ఉచిత బ్రౌజర్‌ను తయారుచేసే బృందంలో అతనూ ఒకడు. "సర్కార్‌కు గంత తెలివెక్కడిది చిచ్చా? పాత ఫాంటును చదివే ఎక్స్‌టెన్షన్ అని బ్రౌజర్‌కు తగిలించేదొకటి ఉంటది, అది ఏసుకోలే మీరు. గంత చిన్న పని రానోళ్లకు బ్రౌజరెందుకు?"

"గది బ్రౌజర్లనే ఎందుకు పెట్టలే భాయ్?" అనడిగింది సౌమ్య.

"పెడదామన్నరు. బరువైతదని నేనే వద్దన్న."

"అయితే చెడగొట్టింది నువ్వే."

జీషాన్ ఎక్స్‌టెన్షన్ వేశాడు. ఒక్క అక్షరమూ చెడలేదు: పరీక్ష వాయిదా లేదు, ఈరోజే, జగిత్యాలలో, పది గంటలకు.

గోడ గడియారంలో పదకొండయింది.